అతిథి ముందు ఖాళీ వలా?

మా సపరాలి బావకి అతిథుల పిచ్చి. సైకిల్ మీద పోతున్న పరదేశి ఒకడు దారి అడిగిన పాపానికి రోజుల తరబడి ఇంట్లో కట్టిపడేశాడు. చివరికి ఆ అబ్బాయి మా పెరటి గోడ దూకి పారిపోయాడు. ఇంట్లో పిండి నిండుకున్నా సరే, వీధిన పోయేవాడి నోట్లో ఇంత రొట్టె, ఇంత కుమిస్, అదే మా పులిసిన గుర్రప్పాలు, పడాల్సిందే. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటే ఏమిటో మా అక్క బురుల్చాని అడగాలి.

ఆయన ఉద్యోగం కూడా ఆయనకి తగ్గదే దొరికింది. చేపల శాఖవాళ్ళు మా కోక్‌బెల్ నదికి ఆయన్ని కాపలా పెట్టారు. దొంగ వలలు పట్టుకోవాలి, సర్వేకి వచ్చినవాళ్ళకి మడుగులు చూపించాలి. ఆ మాత్రానికే "నా నది" అంటూ తిరిగేవాడు, అదేదో వాళ్ళ తాత తవ్వించినట్టు.

పైన ఆనకట్ట కట్టిన దగ్గర్నుంచీ ఆ నది ఎవరిదీ కాకుండా పోయింది. చలికాలంలో పట్నానికి కరెంటు కావాలి కాబట్టి నీళ్ళు వదులుతారు. వసంతం రాగానే జలాశయం నింపుకోవడానికి గేట్లు మూసేస్తారు. సరిగ్గా అప్పుడే నల్లచేప గులకరాళ్ళ మధ్య గుడ్లు పెట్టడానికి ఎదురెక్కి రావాలి, అప్పుడే మేం మొక్కజొన్న వేసుకుంటాం. చేపకీ మాకూ ఒకటే శిక్ష. మేం ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగాక, చేపల సర్వే చేయిస్తామన్నారు పట్నం పెద్దలు. నల్లచేప రావడం మానేసిందని తేలితే ప్రతి వసంతంలోనూ గేట్లు తెరిపిస్తారట. మనుషుల మొర వినని ప్రభుత్వం చేపల మొర వింటానంది. సరే, అదైనా మేలే అనుకున్నాం.

నల్లచేప రావడం ఎప్పుడో మానేసింది. కాబట్టి బావ చేయాల్సిందల్లా ఏమీ చేయకుండా ఉండడం.

"చేతులు కట్టుకుని కూర్చో బావా. నీకంతకన్నా పనిలేదు," అన్నాను.

"నాకు నువ్వు నేర్పుతున్నావా? బావమరిదివి, బావమరిదిలా ఉండు," అన్నాడు.

ఆ వసంతంలోనే చేపల చదువు చదివిన ఐసల్కిన్ అనే డాక్టరమ్మ, ఆమె కింద పనిచేసే కెరిమ్‌కుల్, మరో ఇద్దరూ వచ్చారు. కర్ర దించి లోతు చూశారు, గులకరాళ్ళు ఏరి కొలిచారు, నీళ్ళలో థర్మామీటరు ముంచారు. పెద్ద మడుగులో వల వేసి లాగారు. ఖాళీ. కిందిదాంట్లో వేశారు. అదీ ఖాళీ. ఊరంతా గట్టున నిలబడి ఏడుపు మొహాలు పెట్టుకుని లోలోపల గెంతులేస్తున్నాం. అంతలో ఆ కెరిమ్‌కుల్ నోరు ఊరుకోలేదు.

"ఏంటన్నా, మీ నదిలో కప్పలు కూడా ఇల్లు ఖాళీ చేసి పోయినట్టున్నాయే!"

అందరం నవ్వాం. బావకి మాత్రం తల తీసేసినట్టయింది. ఆ సాయంత్రం వాళ్ళకోసం గొర్రెని కోశాడు గానీ తాను ముద్ద ముట్టలేదు.

"ఖాళీ అయినా ఫర్వాలేదన్నా. ఖాళీ అని రాసుకోవడం కూడా మా పనే," అంది డాక్టరమ్మ.

"మీకు ఫర్వాలేదు," అన్నాడు బావ.

మర్నాడు రేవు మడుగులో వేసిన వల బరువుగా లేచింది. నల్లచేపలు! ఒకదాని మీద ఒకటి ఎగిరెగిరి పడుతున్నాయి. గట్టున మా మొహాలు నిజంగానే ఏడుపు మొహాలైపోయాయి. బావ మీసం తిప్పుతూ, "నా నది అతిథిని ఒట్టి చేతులతో పంపదమ్మా," అంటున్నాడు. అప్పుడు మా అక్క జనాన్ని తోసుకుంటూ వచ్చింది.

"మా పాలక్యాన్లకి చేపల కంపు ఎలా పట్టిందో అడగండి ఈ మహానుభావుణ్ణి! తెల్లారేసరికి గుర్రం చెమటలు కక్కుతోంది. ఆనకట్ట పైన కొండవాగులోంచి మోసుకొచ్చి పోశాడు!"

నాకు ఒళ్ళు మండిపోయింది. బావ ఒక్క మాట, 'అవును' అన్న ఒక్క మాట చెబితే మా పొలాలకి నీళ్ళొస్తాయి.

"నిజమేనా అన్నా?" అంది డాక్టరమ్మ మెల్లగా.

బావ గుండెమీద చెయ్యేసుకున్నాడు. "నా ఇంట్లో రొట్టె తిని నన్ను అబద్ధాలకోరు అంటున్నావా తల్లీ?"

ఆమె మొహం కందిపోయింది. ఆమె కూడా ఈ గడ్డ పిల్లే. ఎవరి రొట్టె తిన్నామో వాళ్ళని అబద్ధాలకోరు అనడం ఎలాగో వాళ్ళమ్మా నేర్పి ఉండదు, చదువూ నేర్పి ఉండదు. తలవంచుకుని చేపల్ని ఒక్కొక్కటిగా కొలిచి రాసుకుంది.

వాళ్ళు వెళ్ళాక బావని గోడకి నొక్కిపట్టాను. "ఊరి కొంప ముంచావు కదయ్యా!"

"అతిథి ముందు ఖాళీ వల పరవమంటావా? రేపు పట్నంలో నవ్వుకోరూ?" అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇలాంటివాణ్ణి కొట్టాలో ఓదార్చాలో తెలియదు. నేను కొట్టలేదు, ఇప్పటికీ దానికి పశ్చాత్తాప పడుతున్నాను.

శీతాకాలం చివర్లో నిర్ణయం వచ్చింది. ఇప్పుడున్న నీళ్ళలోనే నల్లచేప చక్కగా బతుకుతోందట. కాబట్టి ఇంకా తగ్గించినా నష్టం లేదట. సర్వేకి చక్కగా సహకరించినందుకు సపరాలిగారికి ప్రత్యేక కృతజ్ఞతలట.

వసంతంలో గేట్లు బిగించి వస్తున్న ఆనకట్టవాళ్ళ జీపు మా వీధి మీదుగానే వెళ్ళింది. బావ దానికి అడ్డంపడి ఆపాడు. "టీ తాగకుండా పోతే నా మీద ఒట్టే!" అంటూ గేట్లు మూసొచ్చినవాళ్ళనే తెచ్చి పరుపుల మీద కూర్చోబెట్టాడు. "బురుల్చా, టీకి సమోవార్ పెట్టు!"

"నీళ్ళు లేవు," అంది అక్క, లేవకుండానే.

బావ నవ్వుతూ అతిథులవైపు చూసి, బకెట్లు తీసుకుని నదికి దిగాడు. గుమ్మంలోంచి మాకు కనిపిస్తూనే ఉన్నాడు. రేవు దాటాడు, గులకరాళ్ళ మీద ఇంకా ముందుకి నడిచాడు, అక్కడ కూడా బకెట్ వంచలేదు. లోపల ఆనకట్టవాళ్ళు చేతులు కడుక్కోవడానికి నీళ్ళడిగారు.