రేవు గోడకు నేను వేసిన పచ్చరంగు

“మేస్త్రీ పోయిండన్నా. పొద్దుగాల చాయ్ తాగుతుంటెనే పానం పోయిందంట” అని ఫిల్మ్ నగర్ నుంచి మా సెట్ల వడ్రంగి ఫోన్ చేశాడు. అయ్యో అనుకోవడానికి ముందే నా మనసులో ఇంకో మాట మెదిలింది: ఇక ఆ సంగతి తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. అలా అనుకున్నందుకు సిగ్గుపడుతూ ఇది రాస్తున్నాను.

నేను సినిమాలకు కళా దర్శకుణ్ణి. మేస్త్రీగారు నా దగ్గర ఇరవై ఏళ్ళు అచ్చులు పోశారు. మా హీరోలు ఒంటిచేత్తో ఎత్తి విసిరిన కొండరాళ్ళన్నీ ఆయన చేసినవే. సముద్రపు ఒడ్డున పుట్టి మధురానగర్‌లో అద్దె ఇంట్లో స్థిరపడిన మనిషి. ఏ రాయి కనిపించినా అరచేత్తో తడిమేవారు. “చూస్తే తెలీదు బాబూ, తడమాలి” అనేవారు.

కొన్నేళ్ళ క్రితం కోస్తాలో, ఆయన సొంతూరి దగ్గరున్న ఒక రేవు నుంచి ఇంజనీర్లు వచ్చారు. అక్కడి కాంక్రీటు గోడ మరీ నున్నగా ఉండటంతో దానిమీద ఏ ప్రాణీ నిలవడం లేదట. గుంటలూ గరుకూ ఉన్న పలకలు బిగిస్తే ఆల్చిప్పలు, పీతలు మళ్ళీ చేరతాయట. దొంగరాళ్ళు చేయడంలో మాకు పేరుంది కదా, అందుకని మమ్మల్ని అడిగారు. మేస్త్రీగారు ఒడ్డునున్న అసలు బండల మీదే రబ్బరు అచ్చు తీశారు. పచ్చి సిమెంటులో బొటనవేలు గుచ్చి “ఇది పీతకి”, చిటికెనవేలు గుచ్చి “ఇది చేపపిల్లకి” అని తనలో తనే నవ్వుకునేవారు.

“సెట్టయితే షూటింగవగానే పగలగొట్టేస్తారు బాబూ. నేను పోయాకా ఉండేది ఇదొక్కటే” అన్నారొకసారి.

ప్రారంభోత్సవానికి ముందురోజు చూస్తే పలకలు బోసిగా, కొత్తగా ఉన్నాయి. మర్నాడు ఫొటోలు తీస్తారు. నా బుద్ధి ఎక్కడికి పోతుంది! కొత్తదాన్ని పాతగా చూపించడమే నా వృత్తాయె. “దీనికి మనం రంగెయ్యకూడదు బాబూ, సముద్రమే వేసుకుంటుంది” అని ఆయన ముందే చెప్పారు. అయినా ఆయన భోజనానికి వెళ్ళిన సమయం చూసి, నాచురంగు ఎనామెల్ కలిపి సగం పలకలకు నేనే కొట్టాను. ఫొటోలు బ్రహ్మాండంగా వచ్చాయి.

ఏడాది తిరిగేసరికి రంగు లేని పలకల నిండా నత్తలు, ఆల్చిప్పలు. నేను రంగేసిన వాటి మీద ఏమీ లేదు. “ఈ పెయింట్ ఎవరు వేశారు?” అని ఇంజనీరు అడిగాడు. నేను మేస్త్రీగారి వైపు చూశాను. చూశానంతే. ఆయన “తప్పైపోయిందండీ” అని చేతులు జోడించారు.

రెండో విడత పనికి ఆయన్ను వద్దన్నారు. నన్ను పిలిచారు. వెళ్ళాను కూడా.

ఆ తర్వాత కూడా ఆయన నా సెట్లకు ఎప్పటిలాగే వచ్చారు, ఎప్పటిలాగే పలకరించారు. ఆ ఊసే ఎత్తలేదు.

మొన్న మేస్త్రీగారి కోసం చర్చివాళ్ళు పెట్టిన ఆదరణ కూటానికి వాళ్ళింటికి వెళ్ళాను. ప్రార్థన ముగిసి అందరూ లేచాక ఆయన భార్య దగ్గర కూర్చుని, “అమ్మా, ఆ రంగు వేసింది నేను” అన్నాను.

“తెలుసు బాబూ. ఆ రోజే చెప్పారు. సారుకి పేరుంది, మాటొస్తే తట్టుకోలేరు, నాకేముందిలే అన్నారు.”

ఆవిడ లోపలికి వెళ్ళి ఒక ఇనపతీగల బ్రష్ తెచ్చారు.

“ఊరెళ్ళినప్పుడల్లా మా మరిది పడవలో ఆ గోడ దగ్గరికి వెళ్ళేవారండీ. నీళ్ళు తగ్గినప్పుడు కూర్చుని గీకేవారు. ఇంకో మూడు పలకలు మిగిలిపోయాయని ఒకటే బెంగ.”

బ్రష్ నా చేతిలో పెట్టారు. తీగల సందుల్లో నేను కలిపిన పచ్చరంగు ఇంకా అంటుకునే ఉంది.