బల్ల మీద పెట్టిన నోట్‌బుక్కు

ఆ రోజుల్లో అంటే మరీ రాజుల కాలమేమీ కాదు. చేతిలో సెల్‌ఫోన్ ఉండేది, దానికి సిగ్నల్ మాత్రం ఉదయగిరి కొండ దయ తలిస్తేనే వచ్చేది. నాకు ఇరవయ్యేళ్ళు. డిగ్రీ అయిపోయింది, ఉద్యోగం రాలేదు, మనసులో మాత్రం ఒక పెద్ద ప్రశ్న వచ్చి కూర్చుంది. దేవుడు నన్ను అసలెందుకు పుట్టించినట్టు? ఇలాంటి ప్రశ్న అందరికీ ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది, రెండు రోజులుండి పోతుంది. నాది పోలేదు. దానికి కారణం ఆత్మకూరులో సువార్త సభలకు వెళ్ళినప్పుడు పుస్తకాల బల్ల మీద కొన్న ఒక నీలం అట్ట పుస్తకం. విశ్వాసం గురించి, మనల్ని మనం ఒప్పుకోవడం గురించి, దేవుడిచ్చిన వరాన్ని కనుక్కోవడం గురించి రాసిన పుస్తకమది. ఇంగ్లీషులోంచి తెలుగులోకి వచ్చే దారిలో దానికి బాగానే దెబ్బలు తగిలాయి (“నీలో నిద్రించుచున్న వరమును తట్టి లేపుము” లాంటి వాక్యాలు పేజీకి నాలుగు). అయినా దాన్ని నేనిప్పుడు వెక్కిరించను. ఆ వయసులో నన్ను “నువ్వు పనికొస్తావు” అన్నది ఆ పుస్తకం ఒక్కటే.

అందులో ఒక అధ్యాయం నాకు మరీ నచ్చింది. ఇంకొకరిలా ఉండాలని చూడకు, నిన్ను చేసిన చేతిని అవమానించకు అని దాని సారాంశం. ఆ అధ్యాయమంతా ఎర్ర పెన్నుతో గీతలు గీసి, మర్నాడు పొద్దున్నే కూర్చుని, అచ్చం పాత కీర్తనకారుల్లా రాయడం మొదలుపెట్టాను! నా వరం భక్తిగీతాలు రాయడమని తేల్చుకున్నాను మరి. పాడటం ఎటూ కుదరదు. నేను గొంతెత్తితే ఇంటి వెనక మేకలు నెమరేయడం మానేసేవి. అందుకని రాయాలి, క్రిస్మస్ ఆరాధనలో సంఘమంతా నిలబడి నా పాట పాడాలి, మా నాయన (సంఘ పెద్ద) గర్వంగా కళ్ళు తుడుచుకోవాలి. నెల రోజుల్లో పదకొండు పాటలు రాశాను. అన్నిట్లోనూ తేజోమయుడు, కృపామయుడు, కరుణామయుడు వరసగా వచ్చి నిలబడేవారు. ఒకవేళ ఈ పాటలు నచ్చకపోతే ఇక జన్మలో కలం పట్టనని కూడా ఒట్టు పెట్టుకున్నాను. పుస్తకంలో అలా పెట్టుకోమని లేదు, అది నా సొంత తెలివి.

ఇదంతా నోట్‌బుక్కు ముందువైపు కథ. వెనకవైపు ఇంకో కథ నడుస్తోంది. నోట్‌బుక్కు చివరి నుంచి రాసేది రాత కింద లెక్క కాదు, రఫ్ కింద లెక్క అని మా తరం గట్టి నమ్మకం. పాట కుదరనప్పుడల్లా నోట్‌బుక్కు తిప్పి ఆ రఫ్ పేజీల్లో మా చర్చి సంగతులు గిలికేదాన్ని. పాస్టరుగారి ప్రసంగం ఎక్కువైతే పాస్టరమ్మగారు హ్యాండ్‌బ్యాగు జిప్పు సర్రుమని లాగడం, ఆ చప్పుడుకి ఆయన “చివరి మాట” అనడం, అలాంటి చివరి మాటలు ఇంకో మూడు రావడం. గరిటెలు చెక్కే మా అత్త (నాయన చెల్లెలు) తలలో కొయ్యపొట్టుతోనే ఆరాధనకు వచ్చి, ఇంటికెళ్తూ దారిలో “ఈ పొద్దు పొట్టు శానా వచ్చింది, గరిటె మాత్రం రాలా” అని ప్రసంగం మీద తీర్పు చెప్పడం. అన్నిటికంటే ఎక్కువ పేజీలు మా పెదనాయనవి. బడిపంతులుగా రిటైరైన ఆయనే మా సంఘంలో పెద్ద ప్రార్థన చేసేది. నేను రాసింది ఇదీ: “పెదనాయన ప్రార్థన మొదలుపెట్టేటప్పుడు ఆత్మకూరు బస్సు హారన్ కొట్టింది. ప్రార్థనలో ఇశ్రాయేలీయులు ఎర్రసముద్రం దాటేసరికి బస్సు ఆత్మకూరు చేరింది. వాళ్ళకి ఆకాశం నుంచి మన్నా కురిసే వేళకి డ్రైవరు టిఫిన్ తిన్నాడు. ఆమేన్ అనేసరికి అదే బస్సు తిరిగొచ్చి చర్చి ముందు హారన్ కొట్టింది.”

ఇంతలో కోతపండుగ వచ్చింది. మా సంఘంలో ఆ ఆదివారం ఎవరి చేతికి పండింది వాళ్ళు తెచ్చి ప్రసంగ వేదిక ముందు బల్ల మీద పెడతారు. కందులు, గుమ్మడికాయలు, కోడిపుంజులు (బల్ల కింద, కాళ్ళు కట్టేసి), మా అత్త అయితే తను చెక్కిన గరిటెలు. నీలం అట్ట పుస్తకం ఆఖరి అధ్యాయంలో “నీ వరమును ఆయన సన్నిధిని అర్పించుము” అని రాసి ఉంది. ఇంకేం, కొత్త చీర కట్టుకుని, ఒక గుమ్మడికాయకీ కందుల బస్తాకీ మధ్య నా నోట్‌బుక్కు పెట్టాను. పాస్టరుగారు దాన్ని పైకెత్తి, “మన బిడ్డ పాటలు రాసి తెచ్చింది” అని చూపించి దీవించారు. నాయన మొహం వెలిగిపోయింది. నేను తల వంచుకుని వినయం నటిస్తున్నాను. సరిగ్గా “ఆమేన్” దగ్గర నాకు వెనక పేజీలు గుర్తొచ్చాయి.

ఇక్కడ మా ఊరి కట్టుబాటు ఒకటి చెప్పాలి. బల్ల మీద పెట్టింది తిరిగి ఇంటికి పోదు. అది దేవుడిది. ఆ సంగతి నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. కాకపోతే ఆ నియమం గుమ్మడికాయలకే గానీ నోట్‌బుక్కులకు కాదని నా మొద్దు బుర్ర ఎందుకో అనుకుంది. ఆరాధన అయిందో లేదో పాస్టరమ్మగారి దగ్గరికి పరిగెత్తాను.

“అమ్మగారూ, ఆ నోట్‌బుక్కు ఒక్కసారి ఇస్తారా? తప్పులుండాయి, దిద్ది తెస్తాను.”

“ఏందిమ్మా ఇది, దేవుడికిచ్చింది ఎనక్కి అడుగుతారా ఎవరన్నా? తప్పులుంటే ఆయనే దిద్దుకుంటాడులే. బుధవారం స్త్రీల కూడికలో చదువుతాం, నువ్వూ రా.”

ఆ మూడు రోజులు నాకు అన్నం సయించలేదు. నవ్వులాటకి రాసుకున్నదే గానీ, పెదనాయన అంటే నాకు ప్రాణం. నాకు అక్షరాలు దిద్దించింది ఆయన. ఆయన ఈ బస్సు సంగతి చదివితే? సంఘంలో నాయన తలెత్తుకు తిరగగలడా? ఆ నాయనేమో ఇంటికొచ్చిన వాళ్ళందరికీ “మా పాప పాటలు రాసింది” అని చెబుతూనే ఉన్నాడు. దేవా, ఈ ఒక్కసారికి ఆ వెనక పేజీలకు చెదలు పట్టించు అని కూడా ప్రార్థన చేశాను. (నా జీవితంలో అంత చిత్తశుద్ధితో చేసిన ప్రార్థన ఇంకోటి లేదు. జవాబు రాలేదు.)

బుధవారం మధ్యాహ్నం పాస్టరుగారి ఇంటి వాకిట్లోకి వెళ్ళేసరికి లోపల్నుంచి నవ్వులు. మామూలు నవ్వులు కావు, పొట్టలు పట్టుకుని, దగ్గులు వచ్చి, “ఉండండమ్మా, మళ్ళీ చదవండి” అనుకునే నవ్వులు. కిటికీలోంచి చూస్తే పాస్టరమ్మగారు తన జిప్పు సంగతి తానే చదువుతూ, చదవలేక, కళ్ళజోడు తీసి కొంగుతో కళ్ళు తుడుచుకుంటున్నారు. మా అత్త నన్ను చూసి బయటికొచ్చి చెయ్యి పట్టుకుంది.

“పాటలు చదివినారా అత్తా?” అన్నాను ఏడుపు గొంతుతో.

“చదివినాం. ఒకటిన్నర పాటకే అందరికీ నిద్దరొచ్చింది. ఎనక్కి తిప్పితే మెలకువొచ్చింది.”

“నా పరువు పోయింది.”

“ఏం పోలా. ముందు పేజీల్లో ఎవరో పెద్దాయన మాదిరి రాయాలని చూసినావు. ఎనక పేజీల్లో నువ్వుండావు, మేముండాము. ఏ కొయ్య ఎట్టుంటే అట్టా చెక్కాలే. గరిటెలు చెక్కే బిక్కి కొయ్యను తెచ్చి టేకు మాదిరి ఉండమంటే ఉంటాదా?”

నీలం అట్ట పుస్తకం నూటముప్పై పేజీల్లో చెప్పిన మాట అది. మా అత్త ఆ పుస్తకం అట్ట కూడా చూడలేదు. నేను జవాబు చెప్పేలోపే వాకిట్లో చేతికర్ర చప్పుడు వినిపించింది. పెదనాయన. ఎవరు చెప్పారో ఏమో, నేరుగా లోపలికి వెళ్ళి, “ఏదీ, నా గురించి రాసిందంట గదా, ఇట్టియ్యండి” అన్నాడు. నవ్వులు టక్కున ఆగిపోయాయి. పాస్టరమ్మగారు దాచే లోపే ఆయన నోట్‌బుక్కు తీసుకుని, కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, నిలబడే చదివాడు. బస్సు పేజీ అయింది. తర్వాతి పేజీ తిప్పాడు. అందులో ఆయన ప్రార్థనలో ఏదేది ఏ వరసలో వస్తుందో రాశాను. ఎర్రసముద్రం, మన్నా అయ్యాక మొదట వాన, తర్వాత మెట్టపొలాల కంది పైరు, జబ్బు పడినవాళ్ళు పేరు పేరునా, వీధి చివర ఒంటరి ముసలమ్మ మేక, చివర్లో ఆ రోజు రాలేకపోయినవాళ్ళు. “ఒక ఆదివారం పెదనాయన మేకను మర్చిపోయాడు. పై వారం మొట్టమొదట దానికోసం దేవుడికి క్షమాపణ చెప్పుకున్నాడు” అని కూడా రాశాను. నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను. 

పెదనాయన తలెత్తి నన్ను చూశాడు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి.

“మేక సంగతి నాకూ దేవుడికీ తప్ప ఎవరికీ తెలవదనుకుంటి పాపా. ముప్పై ఏళ్ళ నుంచి చేస్తుండా ఈ ప్రార్థన. నేను కళ్ళు తెరిచేసరికి అందరివీ నిద్దర మొహాలే. మొత్తం వినింది నువ్వొక్కదానివే.”

నాకు ఏడుపు ఆగలేదు. నవ్వుతూ రాసిన ప్రతి మాటా ఆయన మీద ప్రేమతో విన్న మాటేనని అంతవరకు నాకే తెలియదు. అంత పెద్ద మనసు ఆయనది కాబట్టి దాన్ని అందులోంచి ఏరుకున్నాడు. ఇంకొకరైతే బస్సు దగ్గరే ఆగిపోయేవాళ్ళు.

నా పాటలు ఏ క్రిస్మస్‌కీ ఎవరూ పాడలేదు (దేవుడు కృపామయుడని అప్పుడే రుజువైంది). నోట్‌బుక్కు తిరిగి ఇవ్వలేదు, బల్ల మీద పెట్టింది కదా. ఇప్పుడు నేను ఆత్మకూరులో పంతులమ్మను. ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను, ఇలాంటివి రాసి నలుగురితో పంచుకోవడమే నాకు చేతనైన పని అని సిగ్గుపడకుండా చెప్పగలను. పెదనాయనకు ఎనభై దాటాయి. గొంతు సన్నబడింది గానీ ప్రార్థన ఒక్క వాక్యం కూడా తగ్గలేదు. పైగా ఆ బుధవారం తర్వాత ఒకటి పెరిగింది. జబ్బు పడినవాళ్ళ తర్వాత, “మమ్మల్ని చూసి రాసే ఆ బిడ్డ చెయ్యి” అని వస్తుంది. అది వినడానికే సెలవు దొరికినప్పుడల్లా ఉదయగిరి బస్సెక్కుతాను. తీరా అక్కడికెళ్ళి, మొత్తం విన్న ఒకే ఒక్క బిడ్డనని పేరు తెచ్చుకున్న నేను, వారమంతా బడిలో అరిచి అరిచి అలసిపోయి, ఎర్రసముద్రం ఒడ్డునే కునుకు తీస్తాను. నా వంతు రాగానే మా అత్త మోచేత్తో పొడుస్తుంది. ఉలిక్కిపడి లేచి అందరికంటే గట్టిగా “ఆమేన్” అంటాను. అప్పటికి ప్రార్థన ఇంకా మేక దాకా కూడా వచ్చి ఉండదు. పెదనాయన మాత్రం కళ్ళు తెరవకుండానే చిన్నగా నవ్వి, మళ్ళీ అందుకుంటాడు.