చెప్పకుండా కదిపినవాడు

ఆఫీసులో ఆయన్ని అందరూ అతుకులాయన అంటారు. అసలు పేరు మెడలో వేలాడే కార్డు మీద తప్ప ఎక్కడా వినిపించదు. వెబ్ పేజీలు అన్ని బ్రౌజర్లలోనూ సరిగ్గా పనిచేసేలా చూడటం ఆయన పని. చెప్పడానికి తేలిగ్గానే ఉంటుంది. ఒకే పేజీ ఒక బ్రౌజర్లో బుద్ధిగా కూర్చుంటుంది, ఇంకోదాంట్లో చతికిలబడుతుంది, ఫోన్లో తెరిస్తే బటన్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి. ఇక్కడ అతుకు వేస్తే అక్కడ చిరుగుతుంది. ఇన్నేళ్ళలో ఆయన్ని మెచ్చుకున్న పాపాన ఎవరూ పోలేదు. పేజీ బాగుంటే డిజైన్ చేసినమ్మాయి గొప్ప, చెడితే అతుకులాయన తప్పు.

ఇంట్లో ఉండేది ఆయనా, అక్కా. అక్కకి ఇరవై దాటాక చూపు తగ్గుతూ తగ్గుతూ పూర్తిగా పోయింది. అందుకే ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. చెప్పకుండా ఏదీ కదపకూడదు. కుర్చీ జానెడు జరిపినా "అక్కా, కుర్చీ కిటికీ వైపు జరిపాను" అని గొంతెత్తి చెప్పాల్సిందే. ఒకసారి బకెట్ దారిలో వదిలేస్తే అక్క తగులుకుని పడి మోకాలు చిట్లింది. ఆ తర్వాత ఆయన ఎప్పుడూ మరవలేదు.

అక్క ఒక ఆస్పత్రిలో ఫోన్ల దగ్గర కూర్చుంటుంది. రోగులు ఫోన్ చేస్తే ఏ తేదీన రావాలో కంప్యూటర్లో నమోదు చేసి చెబుతుంది. తెర మీదున్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. అది చెవిలో చెబుతుంటే అక్క వేళ్ళు పరుగెడతాయి. ఆ ఉద్యోగమంటే ఆమెకి ప్రాణం. "ఫోన్లో నాకు కళ్ళు లేవని ఎవరికీ తెలీదురా" అని మురిసిపోతుంది.

ఆ ఆస్పత్రి పేజీ తయారుచేసింది తమ్ముడి కంపెనీయే. తెలిస్తే రోజూ ఫిర్యాదులు మోసుకొచ్చి ప్రాణం తీస్తుందని ఆయన అక్కకి ఆ సంగతి చెప్పలేదు. పాత బ్రౌజర్ తీసేసి అన్ని కంప్యూటర్లలోనూ కొత్తది పెడతామని ఆస్పత్రివాళ్ళు కబురు పంపినప్పుడు మాత్రం ఆయన గుండెల్లో రాయి పడింది. కొత్తదాంట్లో ఆ పేజీలోని తేదీల క్యాలెండర్ తెరిచి, అక్క వాడే సాఫ్ట్‌వేర్‌తో చదివించి విన్నాడు. తేదీలు చెప్పాల్సిన చోట "బటన్, బటన్, బటన్" అంటోంది. ఏది ఎన్నో తారీఖో చెప్పదు. తలప్రాణం తోకకొచ్చేదాకా కుస్తీపట్టి దాన్ని దారికి తెచ్చాడు. కళ్ళు మూసుకుని మళ్ళీ విన్నాడు. తేదీలన్నీ చక్కగా పలికాయి.

ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు. కంపెనీ యజమాని ఫోన్లో ఉన్న బ్రౌజర్ వేరు. దాంట్లో ఆదివారాల వరుస తెగి కిందికి జారిపోయింది. మర్నాడు ఆస్పత్రివాళ్ళకి చూపించేది ఆ ఫోన్లోనే. మేనేజరు కస్సుమంటూ వచ్చాడు.

"ఏంటండీ ఇది? నిన్నటిదాకా బాగానే ఉందిగా!"

"చదివి వినిపించడం కోసం మార్చానండీ. చూపు లేనివాళ్ళు..."

"అలాంటివాళ్ళు ఎంతమంది ఉంటారు చెప్పండి? ముందు అది తీసేయండి. తర్వాత చూద్దాం."

ఆ ఆఫీసులో 'తర్వాత చూద్దాం' అన్నదాన్ని మళ్ళీ చూసిన దాఖలా లేదు. ఆ సంగతి ఆయనకి తెలుసు. "మా అక్క అక్కడే పనిచేస్తోందండీ" అన్న మాట గొంతుదాకా వచ్చింది. కానీ పని సాగదీస్తాడన్న పేరు అప్పటికే ఉంది. జనాన్ని తగ్గిస్తే ముందు వెళ్ళేది ఆయనేనన్న గుసగుసా చెవిన పడింది. సొంతింటి పని ఆఫీసులో చేసుకుంటున్నాడంటారేమో అని ఇంకో భయం. ఆ ఒక్క మాట అనుంటే మేనేజరు కొరుక్కు తినేవాడా? ఏమో, తినేవాడేమో కూడా. మొత్తానికి అనలేదు. తాను వేసిన అతుకు తానే విప్పేసి బస్సెక్కాడు.

ఇంటికెళ్ళాక అక్కకీ చెప్పలేదు. ఏ మొహం పెట్టుకుని చెబుతాడు?

కొత్త బ్రౌజర్ వచ్చిన వారంలోనే ఒకరోజు ఆయన ఇంటికొచ్చేసరికి అక్క ఒళ్ళో సంచీ పెట్టుకుని కుర్చీలో కూర్చుని ఉంది. ఆ వేళకి ఆమె ఆస్పత్రిలో ఉండాలి.

"బటన్ బటన్ అంటుందిరా, తేదీ చెప్పదు," అంది. "కళ్ళున్నవాళ్ళకి అన్నీ బాగానే కనిపిస్తున్నాయట. సరే, లెక్కపెట్టుకుంటూ నొక్కాను. ఆపరేషన్‌కి రావాల్సిన ముసలాయనకి తప్పు తేదీ పడింది. పాపం, కడుపు మాడ్చుకుని అంత దూరం నుంచి వచ్చి తిరిగెళ్ళాడు. నన్ను ఇంటి దగ్గరే ఉండమన్నారు."

"ఎప్పటిదాకా?"

"అది బాగుచేసేదాకా. ఎప్పుడు చేస్తారని అడిగితే, తర్వాత చూద్దాం అన్నారు."

ఆయన గోడకి ఆనుకుని నేల మీద కూలబడ్డాడు. అక్క చెయ్యి చాపి గాలిలో తడుముకుంటూ ఆయన తల అందుకుంది.

"నువ్వైతే కుర్చీ జరిపినా చెబుతావు," అంది. "ఆ పేజీ చేసినవాడెవడో, నాలాంటిదొకతి అక్కడ కూర్చుంటుందని తెలియక చేసుంటాడు. తెలిస్తే ఎందుకు చేస్తాడురా?"

"తెలియకే చేసుంటాడక్కా" అన్నాడు అతుకులాయన.