టమాటాకి గుండు

ఆయన కుర్చీలో కూర్చున్నవాళ్లు నిద్రపోయేవాళ్లు. పెద్దాయన గురించి ఎవరు చెప్పడం మొదలుపెట్టినా ముందు ఆ మాటే చెబుతారు. మెడ దగ్గర కత్తి ఆడుతుంటే ఎవరికైనా ఒళ్లు బిగుసుకుంటుంది. ఆయన సెలూన్‌లో మాత్రం గడ్డానికి నురుగు పట్టించేసరికి కళ్లు మూతలు పడేవి, రెండో చెంపకి వచ్చేసరికి గురక వినిపించేది. అందుకే వీధిలో అందరూ ఆయన్ని మెత్తచేతాయన అనేవాళ్లు. అసలు పేరు బయట బోర్డు మీద పెద్ద అక్షరాల్లో ఉండేది గానీ, దాన్ని చదివిన పాపాన ఎవరూ పోలేదు.

సెలూన్ వెనక చిన్న పెరడు. అందులో టమాటా మొక్కలు. వాటికి ఎరువు కత్తిరించిన జుట్టే. సాయంత్రం నేల ఊడ్చి, పోగైన జుట్టుని మొక్కల మొదట్లో గుంట తీసి పూడ్చేవాడు. అది నెమ్మదిగా మట్టిలో కలిసి మొక్కకి బలమిచ్చేది.

"మాస్టారూ, నా జుట్టు ఏ చెట్టుకి వేశారు?" అని వచ్చినవాళ్లు వేళాకోళం ఆడేవాళ్లు.

"అదిగో, ఆ మూల చెట్టుకి. కాయలు చూడండి, నున్నగా మెరుస్తున్నాయి. అన్నీ మీ పోలికే."

మధ్యాహ్నం బేరాలు, అంటే గడ్డానికీ కటింగ్‌కీ వచ్చేవాళ్లు, పలచబడ్డాక ఆయన తిండి శాండ్‌విచ్. ఎండకి వెచ్చబడిన కాయని కోసుకొచ్చి, మందంగా చక్రాలు తరిగి, పళ్లెంలో పరిచి ఉప్పు చల్లి వదిలేసేవాడు. ఉప్పు కాయలోని నీటిని కొంత బయటికి లాగేస్తుంది. ఆ నీరు పళ్లెంలో ఉండిపోతే బ్రెడ్ తడిసి ముద్ద కాదు. ఈలోగా బ్రెడ్‌కి వెన్న రాసేవాడు, అంచు దాకా. ఆ అంచు దగ్గర ఆయనకి మహా పట్టింపు. "చెవి కింద వదిలేసిన గడ్డమూ, అంచున వదిలేసిన వెన్నా ఒకటే. చేసినవాడి బద్ధకం ఊరందరికీ కనిపిస్తుంది" అనేవాడు. ఆ వేళకి బెంచీ మీద ఎవరుంటే వాళ్లకి సగం. శాండ్‌విచ్ తిని, కబుర్లు చెప్పి, కటింగ్ సంగతే మరిచిపోయి ఇంటికెళ్లినవాళ్లూ ఉన్నారు.

ఒక చలికాలంలో కుడిచేయి వణకడం మొదలైంది. చలి అనుకున్నాడు. ఎండాకాలం వచ్చినా ఆ చలి పోలేదు. డాక్టరు దానికో పేరు పెట్టాడు, మందు రాశాడు, పోతుందని మాత్రం అనలేదు.

బేరాలు ఎవరూ ఏమీ అనలేదు. ఒకరోజు హైస్కూలు హెడ్మాస్టరు వచ్చాడు. ఏళ్ల తరబడి ఆ కుర్చీలో కునుకు తీసిన మనిషి ఆరోజు కళ్లు తెరుచుకునే గడ్డం చేయించుకున్నాడు. కుర్చీ చేతుల్ని ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే, వేళ్ల కణుపులు తెల్లబడటం అద్దంలో కనిపించింది. దిగాక మామూలుగానే నవ్వాడు, మామూలుగానే వెళ్లాడు. ఆ సాయంత్రం పెద్దాయన కత్తిని తుడిచి, నూనె రాసి, పెట్టెలో పెట్టి, సెలూన్ తాళాలు తన దగ్గర పనిచేసేవాడి చేతికిచ్చాడు. బాధ లేకపోలేదు. కానీ కత్తిని ఎవరూ దించమనకముందే తనే దించాడు. ఆ ఒక్క తృప్తి మిగుల్చుకుని ఇంటికొచ్చాడు.

ఇంట్లో కొడుకు, కోడలు, నాలుగేళ్ల మనవరాలు. కొడుకు ప్రెస్‌లో పనిచేస్తాడు. కోడలు ఊరి మంచినీళ్లు పరీక్ష చేసే ల్యాబ్‌లో ఉద్యోగం చేస్తుంది. కంటికి కనపడనివి ఒక్క చుక్కలో ఎన్ని ఉంటాయో ఆమెకి తెలుసు. ఆమె కష్టమంతా అక్కడే. ద్రాక్షపండు ఇవ్వాలంటే నిలువుగా నాలుగు చీలికలు చేసి ఇస్తుంది. పిల్ల నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంది. గట్టిగా దగ్గితే భయం, అసలు దగ్గకపోయినా భయమే. పిల్ల పుట్టినప్పటి నుంచి ఆమె కంటి నిండా నిద్రపోయింది లేదు. పిల్లకి ఆ బెంగలేవీ అంటలేదు. పొద్దున్న లేస్తే మళ్లీ పడుకునేదాకా ఇల్లంతా దానిదే. పేరేదైనా పిలుపు మాత్రం పిడుగే.

బడి మధ్యాహ్నానికి అయిపోతుంది. అప్పటి నుంచి కోడలు వచ్చేదాకా పిడుగు తాత పూచీ. సెలూన్ పెరట్లోంచి తెచ్చిన విత్తనాలు ఇంటి వెనక మొలిచి కాయలు కాశాయి. శాండ్‌విచ్‌లూ మొలిచాయి, మనిషికొక రకం. కొడుక్కి టమాటా మీద పచ్చి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ పడాలి, కళ్లలో నీళ్లు తిరిగితే గానీ తిన్నట్టుండదు. కోడలికి ఉడికించిన గుడ్డు, మిరియాల పొడి. ఆమె డబ్బాలో టమాటా చక్రాలు విడిగా పెట్టేవాడు, తినేముందు కలుపుకోమని. తనకి మాత్రం పెనం మీద, పైన చీజ్ వేసి, బరువుగా ఇంకో గిన్నె మోపి, చుట్టూ మాడుతూ లోపల కరిగే రకం.

పిడుగుతోనే వచ్చింది చిక్కు. దానికి టమాటా తొక్క పనికిరాదు. "అంగిట్లో అతుక్కుంటుంది" అని ఉమ్మేసేది. తాత ఊరుకుంటాడా? కాయని అరచేతిలో కూర్చోబెట్టి, "దయచేయండి సార్. గడ్డమా, కటింగా?" అని అడిగేవాడు.

పిడుగు గొంతు బొంగురు చేసుకుని కాయ తరఫున జవాబు చెప్పేది. "గుండు."

చిన్న కత్తితో తొక్కని ఎక్కడా తెగకుండా పొడుగాటి రిబ్బనులా తీసేవాడు. ఎడమచేయి స్థిరంగానే ఉంది, కాయని అందులో తిప్పి, కుడిచేతి మణికట్టుని బల్లకి ఆనించి లాగితే పని జరిగిపోయేది. నున్నగా బయటపడ్డ కాయని పిడుగు నిమిరి చూసి, "బాగా కుదిరింది" అనాలి. ఆ తర్వాతే శాండ్‌విచ్. ఇంట్లో దాని పేరే గుండు శాండ్‌విచ్ అయిపోయింది.

ఒకరోజు మణికట్టు బల్ల మీంచి జారింది. కత్తి బొటనవేలికి తగిలింది. చిన్న గాటే. నీళ్లకింద పెట్టి గుడ్డ చుట్టుకున్నాడు. సాయంత్రం గేటు చప్పుడు కాగానే పిడుగు పరిగెత్తి వార్త చెవిన వేసింది.

"అమ్మా, ఇవాళ టమాటాకి రక్తం వచ్చింది."

కోడలు ఆయన వేలు చూసింది. మందు రాసి కొత్త కట్టు కట్టింది. ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

మర్నాడు వంటింట్లో కత్తుల స్టాండు పళ్లూడిన నోరులా బోసిగా ఉంది. కూరల కత్తి లేదు, బ్రెడ్ కత్తి లేదు, సొరుగులో కత్తెర కూడా లేదు. ఎక్కడున్నాయని ఆయన అడగలేదు. దాచినదాన్ని అడిగితే, ఎందుకు దాచిందో చెప్పాల్సి వస్తుంది. ఆ ఇబ్బంది కోడలికెందుకని ఊరుకున్నాడు.

ఇంకో రెండు రోజులకి, వెనక తీగ మీద బట్టలు తీస్తుంటే కిటికీలోంచి కోడలి గొంతు వినిపించింది. కొడుకుతో అంటోంది.

"వచ్చే నెల నుంచి మధ్యాహ్నాలు డే కేర్‌లో ఉంచుదాం. వాళ్లు రేపో మాపో చెప్పమన్నారు. మావయ్యకి కూడా కాస్త విశ్రాంతి."

"నాన్న బాధపడతాడేమో."

"నాకు తెలుసు. కానీ ల్యాబ్‌లో కూర్చుంటే నా చేతులు వణుకుతున్నాయండీ. ఆయనవి కాదు, నావి."

పెద్దాయన బట్టలు భుజాన వేసుకుని అక్కడే నిలబడిపోయాడు. కోపం రాలేదు. విశ్రాంతి అన్న మాటే ముల్లులా గుచ్చుకుంది. పిడుగు లేని మధ్యాహ్నాల్లో ఆ విశ్రాంతిని ఏం చేసుకోవాలో ఆయనకి అర్థం కాలేదు.

కాయలకి ఈ సంగతులేవీ తెలియవు. అవి పండుతూనే ఉన్నాయి. పిడుగు వెన్న రాసిన ఉత్త బ్రెడ్‌ని పక్కకి నెట్టేసింది.

"గుండుది కావాలి."

"సెలూన్‌కి సెలవమ్మా."

"ఎన్నాళ్లు?"

పండిన కాయని చేతిలోకి తీసుకుని వేలితో నొక్కుతూ కూర్చున్నాడు. బిరుసు గడ్డాలు గుర్తొచ్చాయి. వారం రోజుల గడ్డంతో వచ్చినవాళ్ల మీద వెంటనే కత్తి పెట్టేవాడు కాదు. ముందు వేడినీళ్లలో పిండిన తువ్వాలు మొహం మీద వేసేవాడు. సగం పని ఆ వేడే చేసిపెట్టేది.

ఆయన లేచాడు. సుద్దముక్క తీసుకుని వంటింటి గుమ్మం దగ్గర నేల మీద అడ్డంగా గీత గీశాడు. సెలూన్‌లోనూ అలాంటి గీతే ఉండేది, ఎర్ర రంగుతో. వంతు కోసం చూసేవాళ్లు దాని ఇవతల బెంచీ మీదే కూర్చోవాలి, తాసీల్దారైనా సరే.

"ఇది బెంచీ. నువ్వు బేరానివి. పిలిచేదాకా గీత దాటకూడదు" అని పిడుగుని చిన్న పీట మీద కూర్చోబెట్టాడు.

పొయ్యి వెలిగించలేదు. కోడలు రోజూ ఆయన టీ కోసం వేడినీళ్లు నింపిపెట్టి వెళ్లే ఫ్లాస్కు ఉంది, పైన నొక్కితే నీళ్లొచ్చే రకం. గట్టు మీద లోపలికి జరిపి, దాని కింద గిన్నె పెట్టి, కాయ వేసి, అరచేత్తో నొక్కాడు. ఆవిరి పైకి లేచింది. "ముందు సార్‌కి వేడి తువ్వాలు" అన్నాడు.

"సార్‌కి తువ్వాలు వేశారా?" అంది పిడుగు పీట మీంచి.

"వేశాం. ఆయనకి కొంచెం బిరుసు గడ్డం."

కాసేపటికి చిల్లుల గరిటెతో కాయని తీసి చన్నీళ్లలో వేశాడు. తొడిమ దగ్గర గోటితో గీరితే తొక్క పగిలింది. బొటనవేలితో తోశాడు. అరటిపండు ఒలిచినట్టు వచ్చేసింది.

కోయడానికి కత్తి లేదు కదా, ఇంకో ఉపాయం చేశాడు. బ్రెడ్‌ని టోస్టర్‌లో గరుకెక్కేదాకా కాల్చి, వెన్న రాసి, మెత్తబడ్డ కాయని దాని మీద పెట్టి రుద్దాడు. కుడిచేయి తన పని తను చేసుకుపోయింది. ఇన్నాళ్లూ దాన్ని ఆపడానికే ఆయన తంటాలు పడ్డాడు. ఇప్పుడు వదిలేస్తే, ఆ వణుకుకే కాయ నలిగి, గుజ్జు గరుకులో ఇంకి, అంచు దాకా పాకింది.

"తాతా, నీ చెయ్యి దానంతట అదే రాస్తోంది."

"అవునే. నేను ఊరికే నిలబడ్డాను."

ఇద్దరూ నవ్వుతుండగా గుమ్మంలో నీడ పడింది. ల్యాబ్‌లో కరెంటు పోయి కోడలు తొందరగా వచ్చేసింది. ఆవిరి లేస్తున్న గిన్నెని చూసింది, ఆయన చేతిని చూసింది, పిల్లని చూసింది. బ్యాగు పట్టీని పట్టుకున్న ఆమె వేళ్ల కణుపులు తెల్లబడటం పెద్దాయన చూశాడు. ఆయనకి అది కొత్త కాదు.

"అమ్మా, గీత దాటకు. బేరాలు ఇవతలే ఉండాలి" అంది పిడుగు.

కోడలు నిజంగానే ఆగిపోయింది. కింద గీతని చూసింది. వెలిగించని పొయ్యిని, గోడకి జరిపి ఉన్న ఫ్లాస్కుని చూసింది. పట్టీ మీద వేళ్లు మెల్లగా వదులయ్యాయి.

"మావయ్యా, కత్తులు ఏవని నన్ను అడగొచ్చు కదా."

"దాచానని నువ్వు చెప్పొచ్చు కదమ్మా."

కోడలు తల దించుకుంది. "ఎలా చెప్పను? మీరు పుట్టినప్పటి నుంచి కత్తి పట్టినవాళ్లు."

"సెలూన్‌లో నేనే దించేశాను. ఇక్కడా దించేవాణ్ణే. ఒక్క మాట అంటే చాలు." బొటనవేలి గాటు చూసుకున్నాడు. "ఆ రోజు వేలు తెగినప్పుడే దించాల్సింది. ఇది గుండు అడిగితే కాదనలేకపోయాను. తప్పు నాదే."

"తప్పని కాదు మావయ్యా. నాకు భయం. మీరు ఎంత జాగ్రత్తగా ఉన్నా నాకు భయమే. ఏం చేయను?"

"ఏం చేస్తావు, భయపడు. తల్లివి. కత్తులు నీ దగ్గరే ఉంచుకో. కోయాల్సినవేవో పొద్దున్నే కోసి పెట్టి వెళ్లు. మిగతాది నేనూ నా చెయ్యీ చూసుకుంటాం."

పిడుగు శాండ్‌విచ్ అందుకుని, మూతంతా ఎర్రగా పూసుకుని, తల్లి మొహంలోకి చూసింది.

"బాగా కుదిరింది. నువ్వూ చేయించుకో."

"సరే" అంది కోడలు. గీతకి ఇవతలున్న భోజనాల బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుంది. "నాకూ ఒకటి మావయ్యా."

"మిరియాలు ఉంటాయి. గుడ్డు లేదు, ఉడికించలేదు."

"మిరియాలు చాలు."

పెద్దాయన ఇంకో కాయ వేసి ఫ్లాస్కు నొక్కాడు. చన్నీళ్లలోకి తీసి, తొక్క తోసి, బ్రెడ్ కాలేదాకా చూసి, వెన్న తీసుకుని వెనక్కి తిరిగాడు. కోడలు తలని చేతుల మీద ఆనించి ఉంది. బ్యాగు భుజం మీంచి జారి కింద పడినా ఆమెకి తెలియలేదు.

"తాతా, అమ్మ..." అని పిడుగు మొదలుపెట్టింది.

ఆయన వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు. "బేరం నిద్రపోయింది. గట్టిగా మాట్లాడకూడదు."

"గురక కూడా పెడుతోంది" అంది పిడుగు గుసగుసగా.

వెన్న అంచు దాకా రాశాడు. కాయ రుద్ది, మిరియాలు చల్లి, రెండో ముక్క పైన పెట్టి, చల్లారకుండా గిన్నె బోర్లించాడు. తర్వాత గీత దగ్గర నేల మీద కూర్చుని, పిడుగుతో చప్పుడు లేని ఆటలు ఆడాడు. పిడుగు అంతసేపు నోరు మూసుకుని ఉండటం ఆ ఇంట్లో అదే మొదలు.

కోడలు లేచేసరికి కిటికీలో ఎండ గోడ దిగిపోయింది. ఉలిక్కిపడి ముందు పిల్ల కోసం చూసింది. పిల్ల తాత ఒళ్లో ఉంది. గిన్నె ఎత్తి, శాండ్‌విచ్ చల్లారిపోయినా మొత్తం తినేసి, వేళ్లు కూడా నాకింది. అప్పుడు ఫోను తీసి మొగుడికి చేసింది.

"డే కేర్ వాళ్లకి ఇప్పుడే వద్దని చెప్పేయండి... లేదు, ఏమీ జరగలేదు... నిజంగా ఏమీ జరగలేదండీ. నేను నిద్రపోయాను, అంతే."

పెద్దాయన సింకు దగ్గర పళ్లెం కడుగుతున్నాడు. చేతిలో అది గిన్నెకి తగిలి టకటకమంటోంది. ఆ చప్పుడు ఆపాలని ఆయన చూడలేదు.