రాయపూర్ సున్నా రాయి

మొన్న రాయగడలో మా మునిసిపాలిటీ ఆఫీసు తలుపుల మీద పెయింటరొకాయన కొత్త గది నంబర్లు రాస్తుంటే, నల్ల ఎనామిల్ రంగూ టర్పెంటూ కలిసిన వాసన వరండా దాటి నా బల్ల దాకా వచ్చింది. పక్క సీటు ఆవిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని కిటికీ తీయమంది గాని, నేను ఫైలు మూసేసి కాసేపు ఆ వాసనలోనే కూర్చున్నాను. మా ఇంట్లో దసరా వాసన అదే. మిగతా పిల్లలకి ఆ పండగంటే కొత్త బట్టలు గుర్తొస్తాయేమో, నాకు మాత్రం మా నాన్న గోళ్ళ సందుల్లో ఎంత తోమినా వదలని నల్లరంగు గుర్తొస్తుంది.

నాన్న రోడ్ల శాఖ గ్యాంగులో పనిచేసేవాడు. పుట్టింది విజయనగరం అవతల నాతవలస దగ్గర ఒక పల్లెలో, పనికొచ్చి స్థిరపడింది కోరాపుట్‌లో. సునాబెడ నుంచి పొట్టంగి ఘాటీ కొండదారి దిగే దాకా రోడ్డు పక్క కిలోమీటరు రాళ్ళన్నీ ఆయన చేతిలోవే. వానలు వెనక్కి తగ్గాక రాళ్ళ చుట్టూ పెరిగిన గడ్డి కోసి, పాచి గీకి, తెల్లరంగు రెండు పూతలు వేసి, నెత్తి మీద పసుపు పూసి, ఆరాక నల్లరంగుతో ఊళ్ళ పేర్లూ దూరాలూ రాసేవాడు. చదివింది తెలుగులో నాలుగో తరగతి. ఒడియా, హిందీ అక్షరాల్ని మా అమ్మ ముగ్గు వేసినట్టు ఎక్కడ మొదలెట్టి ఎక్కడ తిప్పాలో చేత్తో గుర్తుపెట్టుకుని వేసేవాడు తప్ప చదవలేడు. అయినా ఆయన రాతకి వంక పెట్టినవాణ్ణి నేను చూడలేదు.

ఆ రోజుల్లో కొండలన్నీ వలిసె చేల పూలతో పసుపెక్కి ఉండేవి. పొద్దున మంచు విడేసరికి అమ్మ చోడి అంబలి ఒక గిన్నెలో, నంజుకోవడానికి ఉల్లిపాయలూ కాల్చిన ఎండుచేపా ఒక పొట్లంలో కట్టి ఇచ్చేది. బడికి సెలవులు కాబట్టి నేనూ నాన్న సైకిలు వెనక రంగు డబ్బాలు ఒళ్ళో పెట్టుకుని వెళ్ళేదాన్ని. నాన్న రాస్తుంటే, ఇంకా రంగు పడని రాయి మీద గుర్రమెక్కినట్టు కూర్చుని కండక్టర్‌లా అరవడం నా ఆట. సంతకి నెత్తిన బుట్టలతో వెళ్ళే కొండ ఆడవాళ్ళు ఆగి, వాళ్ళ దేశియా భాషలో నన్ను టికెట్ ఎంతని అడిగి నవ్వుకుంటూ పోయేవారు. నేను అరిచే ఊరు ఎప్పుడూ ఒకటే, రాయపూర్.

ఎందుకంటే మా రోడ్డు ఒక కొన నాతవలసైతే రెండో కొన రాయపూర్. మామూలు రాళ్ళ మీద దగ్గరి ఊళ్ళుండేవి, ప్రతి అయిదో రాయి మీద మాత్రం ఆ కొన ఊరి పేరు రాయాలి. నాన్న హద్దులో అలాంటివి ఎనిమిది రాళ్ళు. నాతవలస కొన నేను చూశాను. వేసవిలో నానమ్మ దగ్గరికి వెళ్ళినప్పుడు మన రోడ్డు పెద్ద రోడ్డులో కలిసిపోయే చోట నాన్న నన్ను నిలబెట్టి, ఇక్కడితో మన రోడ్డు అయిపోయింది అన్నాడు. రోడ్డు అయిపోయినట్టు నాకేమీ కనపడలేదు, ఒక జీడి తోటా టీ కొట్టూ కనపడ్డాయి. నా మొహం చూసి నాన్న, అసలైన కొన ఇది కాదు, లెక్క మొదలయ్యేది రాయపూర్‌లో, అక్కడ సున్నా రాయి ఉంటుంది, అది చూపిస్తాను అన్నాడు. గ్యాంగులో పాతికమందీ ఏళ్ళ తరబడి ఆ రాయి నుంచే దూరం లెక్కపెడుతున్నారు గాని ఒక్కడూ దాన్ని చూసినవాడు లేడు. నాన్నకి ఆ రాయి చూడాలన్నది ఒక్కటే కోరిక. దసరా సెలవుల్లో తీసుకెళ్తానని ఏటేటా చెప్పేవాడు, తీరా దసరా వస్తే రాళ్ళకి రంగు వేసే పని పడేది. రాయపూర్ అని రాయాల్సి రావడం వల్లే పాపం ఆయన రాయపూర్ వెళ్ళలేకపోయేవాడు.

నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు పైనుంచి కొత్త కాగితం వచ్చింది. రోడ్డు నంబరు మారింది, కొన కూడా మారింది. బొరిగుమ్మ దాకా దారి అదే, అక్కణ్ణించి ఇదివరకు జగదల్‌పూర్ వైపు తిరిగి రాయపూర్ వెళ్ళేది కాస్తా ఇకమీదట నవరంగపూర్ మీదుగా బర్‌గఢ్ వెళ్తుందట. రాళ్ళ మీద పాత ఊరు చెరిపి కొత్త ఊరు, కొత్త దూరాలు రాయమన్నారు. ఆ సాయంత్రం నాన్న అన్నం ముందు కూర్చుని, "రోడ్డు కదల్లేదు, కొన కదిలిపోయిందంటన్నారు" అని మాత్రం అన్నాడు. మర్నాడే పని మొదలుపెట్టాడు. ఎనిమిదింటిలో ఏడు రాళ్ళయ్యాక, ఘాటీలో మలుపు దగ్గరున్న ఎనిమిదో దాన్ని ఇవాళా రేపూ అని దాటేస్తూ వచ్చాడు. రాయపూర్ ఇక లేనట్టేనని నేను ఏడ్చి గోల చేశాను. అమ్మ ఏడవలేదు. బియ్యం చెరుగుతూ తల ఎత్తకుండానే నాన్నతో అంది.

"ఆ రాయి తుడిసీయక ముందే ఎల్లొచ్చీదుం. తుడిసీసేక ఆ ఊరెల్లడానికి నీకు మనసొప్పదు."

రోడ్ల శాఖ ఇంజినీరు సార్ ఎదుట నిలబడి నాన్న నాలుగు రోజులు సెలవు అడిగాడు. ఏనాడూ అడగని మనిషి అడిగేసరికి ఆయన తెల్లబోయి కారణం కూడా అడక్కుండా ఇచ్చేశాడు. అమ్మ బూరెలూ పులిహోరా కట్టింది. ముగ్గురం జగదల్‌పూర్‌లో ఒక రాత్రి ఆగి పొద్దున్నే ఇంకో బస్సెక్కి కేశకాల్ ఘాటీ దిగాం. అక్కడి రాళ్ళకి ఇంకా కొత్త లెక్క రాలేదు. నాన్న కిటికీ వదల్లేదు. ప్రతి రాయికీ అంకె తగ్గుతుంటే నా భుజం తట్టి చూపిస్తూ, ఇది రాసినవాడికి చేయి వణికింది, వీడు పసుపు పలచన చేసేశాడు అని వరసబెట్టి అందరికీ మార్కులు వేశాడు. రాయపూర్ బస్టాండులో ఎటు చూసినా ఆయన ఇన్నేళ్ళూ రాసిన ఆ నాలుగు అక్షరాలే. పెళ్ళివారింటికి వచ్చినవాడిలా చొక్కా సర్దుకున్నాడు.

సున్నా రాయి మాత్రం దొరకలేదు. మూడు అంకె దాకా రాళ్ళు కనపడ్డాయి, ఆపైన ఊరు కమ్మేసింది. ట్రాఫిక్ పోలీసు పోస్టాఫీసు వైపు చూపించాడు, పోస్టాఫీసు దగ్గర రిక్షా ఆయన కోర్టు వైపు చూపించాడు, టీ కొట్టువాడు అసలు అలాంటిదొకటుందా అని నవ్వాడు. నాన్న తన వచ్చీరాని హిందీతో ప్రతివాణ్ణీ అడిగాడు. వంతెనల కిందా, బట్టల దుకాణాల అరుగుల వారా, మురిక్కాలవల పక్కా పొద్దువాలే దాకా నడిచాం. అమ్మ కాళ్ళు వాచిపోయాయి. చివరికి నాన్న ఒక గోడ నీడన ఆగి, నా వైపు చూడకుండా, "లేదమ్మీ" అన్నాడు. అంతకు ముందు గాని తర్వాత గాని ఆయన అంత చిన్నబోవడం నేను చూడలేదు.

తిరిగొచ్చిన మర్నాడు గ్యాంగు వాళ్ళంతా సునాబెడ దగ్గర తారు డబ్బాల మీద కూర్చుని మా కోసం కాచుకునున్నారు. సింహాచలం మావ, నాన్నకి జోడీగా పనిచేసేవాడు, లేచి నిలబడి "సూసేవేటి?" అని అడిగాడు. నాన్న సైకిలు స్టాండు వేశాడు.

"సూసేను. సున్నా గుడ్డులాగ గుండ్రం. పిల్లనడగండి."

పాతిక మొహాలు నా వైపు తిరిగాయి. మా నాన్న అబద్ధమాడగా నేను విన్నది అదొక్కసారే. నేను తలూపాను. చాలా పెద్దది, దండ కూడా వేశారు అని ఇంకొంచెం చేర్చాను. మావ తృప్తిగా బీడీ వెలిగించుకున్నాడు. నాన్న తన పరువు కోసం అలా అన్నాడని చాలా ఏళ్ళు అనుకున్నాను. కాదు, ఎక్కడో మొదలనేది ఒకటుందని నమ్మి ఎండలో తారు పోసినవాళ్ళకి లేదని చెప్పలేకపోయాడు. ఆ మధ్యాహ్నమే ఘాటీ మలుపులో ఎనిమిదో రాయి మీద రాయపూర్ చెరిపేశాడు.

ఇప్పుడు ఆ రోడ్డంతా వెడల్పయింది. ఆకుపచ్చ బోర్డులు లారీలో తయారుగా వస్తాయి, వాటికి రంగు అక్కర్లేదు. గ్యాంగులు లేవు, కాంట్రాక్టర్లున్నారు. నాతవలస కొసన జీడి తోట ఎక్కడుండేదో నేను చూపించలేను. మా నాన్న పోయి ఏడాదయింది. సంవత్సరీకానికి పాతవాళ్ళలో మిగిలిన సింహాచలం మావ ఒక్కడే మనవరాలి చేయి పట్టుకుని కోరాపుట్ వచ్చాడు. భోజనాలయ్యాక ఆ పిల్లకి సున్నా రాయి గురించి చెబుతున్నాడు, ఎక్కడుంటుందో, దండ ఎలా వేస్తారో, అంతా తానే చూసొచ్చినట్టు. ఆ పిల్ల ఈ కాలప్పిల్ల, నమ్మలేదు.

"తాత సెప్పింది నిజమేనా? నువ్వు సూసేవా?" అని నన్నడిగింది.

మావ నా మొహంలోకి చూస్తున్నాడు. చూశానన్నాను. ఎంతుంటుందని అడిగింది. లేచి నిలబడి, నా నడుం దగ్గర చేయి పెట్టి ఎత్తు చూపించాను.