మొహం కనపడని అమ్మ బొమ్మ

నా చిన్నప్పుడు, అమెరికాలో డాలస్ పక్కనున్న కాపెల్ ఊళ్ళో అపార్ట్‌మెంట్‌లో ఉండే రోజుల్లో, మా అమ్మ ఒక ఇండియన్ గ్రోసరీ వెనక వంటగదిలో చపాతీలు చేసేది. తలకు వల పెట్టుకుని పొద్దున్నించి సాయంత్రం దాకా నిలబడే పని. ఇక్కడికి రాకముందు కాలేజీలో పాఠాలు చెప్పిన మనిషి. ఆ సంగతి తను ఎప్పుడూ ఎత్తేది కాదు. నా స్నేహితుల అమ్మలేమో లాప్‌టాప్ సంచీలు తగిలించుకుని ఆఫీసులకు వెళ్ళేవారు.

నేను మూడో తరగతిలో ఉండగా, ఇంట్లోవాళ్ళు చేసే పని బొమ్మ వేసి తెమ్మన్నారు స్కూల్లో. నేను అమ్మకు నల్లకోటు తొడిగి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాను. వచ్చే శుక్రవారం ఓపెన్ హౌస్‌లో ఆ బొమ్మలన్నీ గోడకు పెడతారనీ, అమ్మానాన్నలు వచ్చి చూస్తారనీ తెలిసింది. బొమ్మను బ్యాగు అడుగున దాచేశాను.

ఆ శనివారం పక్కింటి ఆంటీ నన్నొక్కదాన్నే డాలస్‌లో మ్యూజియానికి తీసుకెళ్ళింది. హైదరాబాద్‌లో ఫైన్ ఆర్ట్స్ చదివిన ఆవిడ, వీసా వల్ల ఉద్యోగం చేసే వీలులేక ఇంట్లోనే మాకు బొమ్మలు నేర్పేది. నన్నే ఎందుకు తీసుకెళ్తోందో చెప్పలేదు, నేనూ అడగలేదు.

అక్కడ నూటయాభై ఏళ్ళనాటి ఫ్రెంచి చిత్రాలు పెట్టారు. మొదటి గదిలో గోడంత బొమ్మ. ముగ్గురు ఆడవాళ్ళు ఏటి ఒడ్డున నడుములు వంచి బట్టలుతుకుతున్నారు. అంత పెద్ద బొమ్మలు అంతకుముందు రాజులకూ దేవతలకూ మాత్రమే వేసేవారట. ఉన్నది ఉన్నట్టే వేస్తామని పట్టుబట్టిన కొందరు, పనిచేసుకునే మనుషుల్ని ఆ చోటులోకి తెస్తే పెద్దలు ముక్కు చిట్లించారట.

"ఒక్కరి మొహం కూడా కనపడట్లేదు చూడు. సిగ్గుపడుతున్నారంటావా?" అంది ఆంటీ.

"నో ఆంటీ, వాళ్ళు బిజీగా ఉన్నారు," అన్నాను.

 పక్క గదిలో, ఆ తరవాత వచ్చినవాళ్ళ చిత్రాలు. వీళ్ళు వస్తువుతోపాటు దానిమీద ఆ నిమిషానికి పడిన వెలుగును కూడా పట్టుకోవాలని చూశారట. నేను దగ్గరికి వెళ్ళి చూస్తే వట్టి రంగు మరకలే కనిపించాయి. ఆంటీ నా భుజాలు పట్టుకుని వెనక్కి నడిపించింది. ఎనిమిదో అడుగుకి ఆ మరకలన్నీ కలిసి, పొద్దున్నపూట నది అయ్యాయి.

తిరిగొచ్చేటప్పుడు కారును గ్రోసరీ పక్కన, వంటగది కిటికీకి దూరంగా ఆపింది. లోపల అమ్మ పీటమీదికి వంగి చపాతీలు వత్తుతోంది. సాయంత్రపు ఎండ గాలిలోని పిండిమీద పడి గదంతా తెల్లగా వెలుగుతోంది. అమ్మను అక్కడ ఎన్నోసార్లు చూశాను, ఎప్పుడూ ఇంటికి పోదామని చొక్కా అంచు పట్టుకుని లాగుతూనే. నాకు ఏడుపొచ్చింది. ఆంటీ నా వైపు చూడకుండా స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని కూర్చుంది.

ఆదివారమంతా కూర్చుని కొత్త బొమ్మ వేశాను. వంగిన వీపు, పిండి, వెలుగు. పాతదాన్ని చింపేసి, సోమవారం కొత్తది టీచర్‌కి ఇచ్చాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

శుక్రవారం అమ్మ పని నుంచి నేరుగా స్కూలుకు వచ్చింది. నల్లకోటు వేసుకుని వచ్చింది. దాని చేతులు వేళ్ళ దాకా జారుతున్నాయి. అది ఆంటీ కోటు. నా బ్యాగులో పాత బొమ్మ అమ్మకు మేం మ్యూజియానికి వెళ్ళకముందే దొరికిందట. నా అబద్ధం నలుగురిలో బయటపడకూడదని, అప్పుడే ఆంటీ దగ్గర ఆ కోటు అడిగి తెచ్చుకుందట. ఇదంతా తరవాత ఆంటీ చెబితే తెలిసింది.

అమ్మ గోడ పొడుగునా కోటు వేసుకున్న అమ్మ కోసం వెతికింది. నా పేరు కింద తన వీపు కనిపించింది. నా వైపు తిరిగింది.

"మొహం ఏదే?"

"పనిలో ఉన్నావు కదమ్మా."

అమ్మ కోటు విప్పి మడిచి చేతిమీద వేసుకుంది. లోపలి చొక్కా అంచులకు పిండి ఇంకా అంటుకునే ఉంది. టీచర్ దగ్గరికి వస్తే, ఆ బొమ్మ చూపించి, "దట్ ఈజ్ మి. ఐ మేక్ చపాతీస్," అంది.

ఇరవై ఏళ్ళు దాటాయి. ఇప్పుడు నన్ను ఆంటీ అని పిలిచే పిల్లలు ఆదివారాలు బొమ్మలు నేర్చుకోవడానికి వస్తారు. వాళ్ళనీ ఎనిమిది అడుగులు వెనక్కి నడిపిస్తాను. అమ్మను ఎన్నో రకాలుగా వేశాను గానీ, ఆ పొడుగు చేతుల కోటులో క్లాసు గుమ్మం దగ్గర నిలబడ్డ అమ్మను మాత్రం ఇప్పటికీ వేయలేకపోయాను. ఎన్ని అడుగులు వెనక్కి వేసినా ఆ ఒక్కటి నాకు దూరం కాదు.