రాజు కారణం చెప్పలేదు

మహబూబాబాద్‌లో ఒక డిగ్రీ కాలేజీలో నేను తెలుగు చెప్పేదాన్ని, రుక్కి చరిత్ర చెప్పేది. ఇద్దరివీ కాంట్రాక్టు ఉద్యోగాలే. ఆమెది నర్మెట్ట దగ్గర ఒక తండా. బడిలో చేరేదాకా ఇంటి భాష తప్ప ఇంకో మాట వినలేదట. జనగామ హాస్టల్‌లో చేరిన కొత్తలో తెలుగు రాక, ఆకలేస్తోందని చెప్పడం కూడా చేతకాక ఏడ్చేదట. అలాంటి మనిషి తెలుగులో పాఠం చెబుతుంటే పక్క గదిలో నేను నా పాఠం ఆపి వినేదాన్ని.

ఫ్రాన్సు రాజు ఫిలిప్ కథ అలా విన్నదే. సుమారు ఎనిమిది వందల ఏళ్ల కిందటి సంగతి. మొదటి భార్య కవల పిల్లల్ని కని, వాళ్లతోపాటే చనిపోయింది. పసివాడైన కొడుకు ఒక్కడే మిగిలాడు. రాజు మళ్లీ పెళ్లి చేసుకోవాలనుకుని డెన్మార్క్ దేశపు రాకుమారి ఇంగెబోర్గ్‌ను తెప్పించుకున్నాడు. పద్దెనిమిదేళ్ల పిల్ల. పెళ్లయిన మర్నాడే ఈమె నాకొద్దన్నాడు. ఈమె మొదటి భార్యకు దగ్గరి చుట్టమనీ, వరస కుదరదనీ రాజు బంధువులే సభలో ప్రమాణాలు చేశారు. ఆ పిల్లకు ఆ దేశపు మాట రాదు. సభలో ఏం తేల్చారో ఎవరో విప్పి చెబితే, వచ్చీరాని లాటిన్‌లో రోమ్ పేరు పెట్టి అరిచిందట, న్యాయం అక్కడే దొరుకుతుందని. రాజు ఇంకొకామెను చేసుకుని ఇద్దరు పిల్లల్ని కన్నాడు. పోపు కోపించి దేశంలో గుళ్లన్నీ మూయించాడు. ఇంగెబోర్గ్ మాత్రం మఠాల్లో, కోటల్లో బందీగా ఇరవై ఏళ్లు గడిపింది. నేనే రాణినన్న మాట వదల్లేదు. చివరికి రాజుకు ఇంగ్లండు మీద కన్నుపడి, డెన్మార్క్ సాయం కావాల్సివచ్చి, ఆమెను మళ్లీ పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"ఎందుకు వద్దన్నడు మేడం?" అని ఆడపిల్లలు తప్పక అడిగేవారు.

"ఎవలకూ తెల్వది. రాజు చెప్పలే," అని పుస్తకం మూసేసేది.

ఆ కథ మీద ఆమెకు అంత పట్టు ఎందుకో నాకు తర్వాత తెలిసింది. డిగ్రీ చివరి ఏడాదిలో ఉండగా తండ్రి హరిలాల్ ఆమెకు మొగుళ్లపల్లి పక్క తండాలో సంబంధం చూశాడు. పెళ్లికొడుకు కిషన్ చదువుకున్నవాడు, ఊళ్లో నలుగురినీ వెంటేసుకుని తిరిగేవాడు. పెళ్లయింది. అత్తగారింట్లో ఒక్క రాత్రి గడిచింది. తెల్లారి కిషన్ వాకిట్లో తల్లి దగ్గరికి వెళ్లి, ఈ పిల్లను తోలెయ్యమన్నాడు. తల్లి రామి ఎంత అడిగినా ఇంకో మాట లేదు. మధ్యాహ్నానికి రుక్కి పెట్టెతో నర్మెట్ట బస్సెక్కింది.

తండాలో పంచాయితీ పెట్టారు. కిషన్ చిన్నాయనలు ముగ్గురు లేచి, తాతల నాడు రెండిళ్లూ ఒక్కటేననీ, వీళ్లిద్దరూ అన్నాచెల్లెళ్ల వరస అవుతారనీ చెప్పారు. పెళ్లికి ముందు ఆ తాతలు ఎవరికీ గుర్తురాలేదు. తెంపులకు, అంటే విడాకులకు, ఒప్పుకొమ్మని పెద్దలు రుక్కిని అడిగారు. ఒప్పుకోనంది. నేను కిషన్ భార్యను, అతను నన్ను ఉంచుకున్నా ఉంచుకోకున్నా భార్యనేనంది. పక్కన హరిలాల్ కర్ర పట్టుకుని నిలబడ్డాడు. బిడ్డ మాటే తన మాటన్నాడు.

తర్వాత ఆమె ఎమ్మే చదివింది, ఉద్యోగం తెచ్చుకుంది. కానీ ఓటు మాత్రం మొగుళ్లపల్లి మండలంలో, కిషన్ ఊళ్లో రాయించుకుంది. విచారణకు వచ్చిన మనిషితో రామి, అవును మా కోడలే అని చెప్పిందట. ఎన్నికలొచ్చిన ప్రతిసారీ రుక్కి రెండు బస్సులు మారి అక్కడికి వెళ్లేది. ఆడవాళ్ల వరసలో నిలబడి ఓటేసి, ఎవరింటికీ పోకుండా వచ్చేసేది. ఆ వేలి మీది సిరా చుక్క చెరిగిపోయేదాకా ఆమె ముఖంలో ఏదో వెలుగుండేది. నాకైతే జాలేసేది. ఈలోగా కిషన్ హన్మకొండలో సౌందర్య అనే అమ్మాయిని చేసుకున్నాడు. ఆమెది వేరే కులం. ఇద్దరు పిల్లలు పుట్టారు.

తెలంగాణ ఉద్యమం ఊపందుకునేసరికి కిషన్ మండలంలో పేరున్న నాయకుడయ్యాడు. సకల జనుల సమ్మెలో మా కాలేజీ మూతపడింది. మేమూ రోడ్డెక్కాం. రైల్ రోకో నాడు మహబూబాబాద్ పట్టాల మీద వేల మంది కూర్చున్నాం. జిల్లాలోని దూరపు మండలాల నుంచి కూడా జనం దిగారు. పోలీసులు మమ్మల్ని వ్యాన్లలో ఎక్కించి ఒక ఫంక్షన్ హాలుకు తెచ్చి, వరసగా పేర్లు రాసుకున్నారు.

"పేరు?" అన్నాడు కానిస్టేబుల్.

"భూక్యా రుక్కి."

"తండ్రా, భర్తనా?"

"భర్త. భూక్యా కిషన్."

కానిస్టేబుల్ కలం ఆగింది. ఆ పేరు అప్పుడే రాశాడు. తలెత్తి, నాలుగు వరసల అవతల గులాబీ కండువాతో కూర్చున్న మనిషిని చూశాడు. నేనూ చూశాను. కిషన్ తలొంచుకుని చెప్పుల వైపు చూస్తున్నాడు. పెళ్లినాటి ఆ రాత్రి తర్వాత వాళ్లిద్దరూ ఒకే కప్పు కింద ఉండడం అదే మొదటిసారి. సాయంత్రం వదిలిపెట్టేదాకా ఒకరినొకరు పలకరించుకోలేదు.

2013 ఎండాకాలం పోతుండగా పంచాయతీ ఎన్నికలన్నారు. కిషన్ ఊరి సర్పంచ్ పదవి ఎస్టీ మహిళకు వచ్చింది. ఉద్యమంలో ఇన్నేళ్లు తిరిగి, కేసులు నెత్తిన వేసుకున్న కిషన్‌కు ఆ కుర్చీ తన ఇంట్లోకే రావాలని ఉంది. సౌందర్య నిలబడడానికి వీల్లేదు. కులం కలిసి, చదువుండి, ఆ ఊళ్లోనే ఓటున్న భార్య రుక్కి.

ఒక ఆదివారం నేను రుక్కి గదిలో ఉండగా కిషన్ వచ్చాడు. అతన్ని వెంటబెట్టుకుని వచ్చింది హరిలాలే. ముసలాయన ముఖం పండగలా ఉంది. కిషన్ వాళ్ల భాషలో ఏదో మొదలుపెట్టాడు. రుక్కి చెయ్యెత్తి ఆపింది.

"తెలుగుల చెప్పు. కమలక్క గూడ ఇననీ."

అతను నా వైపు ఇబ్బందిగా చూశాడు. "అయిందేదో అయింది. ఊరంత నీ పేరే అంటున్నది. నామినేషన్ ఏద్దాం, రా."

"సౌందర్య?"

"ఒప్పుకున్నది. మేడ మీది గదులు నీకే."

ఉద్యోగం వదలాల్సి వస్తుందని నేనన్నాను. సర్పంచ్ కంటే ఈ ఉద్యోగం ఎక్కువా అన్నాడు హరిలాల్. రుక్కి మా ఇద్దరి మాటా విన్నట్టు లేదు.

"ఒక్కటి చెప్పు కిషన్. ఆనాడు పొద్దుగాల లేచి నన్నెందుకు వద్దన్నవ్?"

"వరస కుదరలేదని పెద్దమనుషులు..."

"గా మాట నువ్వు వాళ్లతోని చెప్పిచ్చినవ్. నేనడిగేది గది కాదు."

అతని గొంతులో నాయకుడి బిగువు పోయింది. "నాకూ తెల్వది రుక్కీ. లేచి నీ దిక్కు చూస్తె భయమైంది. ఎందుకైందో ఇప్పటికీ తెల్వది. నువ్వేం చెయ్యలే."

రుక్కి మంచం పట్టె మీద మెల్లగా కూర్చుంది. ఆ జవాబు కోసం ఆమె ఇన్నేళ్లూ తన రంగును, నడకను, మాటను, ఆ రాత్రి తాను నవ్విన నవ్వును కూడా అనుమానించుకుందని నాకు తెలుసు. ఇప్పుడు అందులో ఏదీ కాదని తేలింది. అసలేమీ లేదని తేలింది.

"అయితె నన్ను ఇడిచిపెట్టు," అంది.

ఎన్నికలయ్యాక చూసుకుందామన్నాడు కిషన్. నామినేషన్ల కంటే ముందే కావాలంది. అప్పట్లో తెంపులకు పెద్దల చేత అడిగించిన మనిషి, ఇప్పుడు వద్దని బతిమాలాడు. హరిలాల్ మండిపడ్డాడు. ఊళ్లో అందరి నోళ్లూ మూయించే రోజు వస్తే కాలదన్నుకుంటున్నావన్నాడు. పదకొండేళ్లు నేను తండాలో అందరితో కొట్లాడింది నీ మొండితనం కోసమేనా అన్నాడు. ఆ మాటకు రుక్కి తల తిప్పుకుంది. అతను కిషన్‌తోనే బయటికి వెళ్లిపోయాడు.

మళ్లీ పంచాయితీ కూర్చుంది. ఈసారి అడిగింది రుక్కి. పెద్దలు రెండు మాటల్లో తేల్చేశారు. రామి మాత్రం కోడలి భుజం పట్టుకుని, అందరూ లేచిపోయాక కూడా వదల్లేదని విన్నాను. ఆ ఊరికి కిషన్ దూరపు వదిన ఒకామె సర్పంచ్ అయింది. ఊళ్లో తలెత్తుకోలేక అతను ఆమె వెంట కూడా తిరగలేకపోయాడు.

నేననుకున్నట్టు రుక్కి తేలికపడలేదు. జ్వరంతో పడిపోయింది. దవాఖానలో చూపిస్తే ఏమీ లేదన్నారు. తిండి సయించేది కాదు. తండ్రి లేదా భర్త పేరు రాయాల్సిన చోటల్లా ఆగిపోయేది. నువ్వే కదా కోరుకున్నావని నేనంటే, "అక్కా, నాకు కొట్లాడేదొక్కటే ఉండె. గదీ పాయె," అంది. కాలేజీ తెరిచాక పాఠాలకు వచ్చింది గానీ, ఆ ఏడు ఫిలిప్ రాజు పాఠం నన్ను చెప్పమంది. నేను పుస్తకం చూసి చదివేశాను.

తండ్రి ఏడాది దాకా ఆమె గుమ్మం తొక్కలేదు. ఫోన్ చేస్తే పక్కవాళ్లకిచ్చేవాడు. 2014 జూన్ రెండున, రాష్ట్రం వచ్చిన పొద్దు, ఊరంతా బాణాసంచా మోగుతుంటే హరిలాల్ నర్మెట్ట నుంచి బస్సు దిగి వచ్చాడు. నేను స్వీట్లు పంచడానికి వెళ్లేసరికి గుమ్మంలో చెప్పులు విడుస్తున్నాడు. చాలా చిక్కిపోయాడు.

"బాపూ, తిన్నవా?" అంది రుక్కి.

"లేదు బిడ్డ," అన్నాడు.

ఆమె వంటింట్లోకి వెళ్లింది. కూతురు లోపల ఉన్నంతసేపూ అతను గోడకానుకుని కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాడు. కిషన్ మాట ఎవరూ ఎత్తలేదు. ఇప్పుడు తండ్రీకూతుళ్లిద్దరూ ఆ గదిలోనే ఉంటున్నారు, అవసరమైనంతే మాట్లాడుకుంటారు.